తాయారమ్మ గారి దావాలో నేను రాసిన ఒక్క వాక్యం

కొత్తగా నల్లకోటు వేసుకున్న పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. వాళ్లలో ఒకరిద్దరికి పత్రికల కేసులంటే మోజు. పరువు నష్టం దావాలు, ఒకరి సొంత బతుకుని వీధిలో పెట్టిన రాతల మీద కేసులు నేను ముప్పై ఏళ్ల పైచిలుకు చేశానని ఎవరో చెప్పి పంపిస్తారు. వచ్చిన ప్రతివాళ్లూ ఒకటే అడుగుతారు, "ఎలా గెలవాలండీ?" అని. గెలిచే పద్ధతులు పుస్తకాల్లో ఉన్నాయి. నా దగ్గర ఉన్నవి ఎక్కువగా నా తప్పులు. వాటిలో ఒకదాన్ని ఇక్కడ రాస్తున్నాను. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు గగుర్పొడుస్తుంది. అది సిగ్గుతో కాదు. సిగ్గు ఎప్పుడో అరిగిపోయింది. ఆ రోజు కోర్టులో నేను చూసిన మనిషి వల్ల.

మా సీనియరు గారి రెండు అలవాట్లు

ఎనభైల మొదట్లో నేను నూజివీడులో రాఘవయ్య గారి దగ్గర జూనియరుగా చేరాను. ఆ రోజుల్లో మా ఊరి లాయర్లు గట్టు తగాదా నుంచి ఖూనీ దాకా ఏది వస్తే అది చేసేవారు. ఆయనా అంతే. కానీ పత్రికలో ఎవరి మీద ఏ రాత పడినా చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఆయన గుమ్మమే తొక్కేవారు.

ఒకసారి విస్సన్నపేట నుంచి ఒక రైతు మండిపడుతూ వచ్చాడు. ఏదో మీటింగులో గొడవ జరిగితే తను పారిపోయాడని, పిరికివాడని పత్రిక రాసిందట. రాఘవయ్య గారు కాగితం చదివి పక్కన పెట్టారు.

"ఇది చదివి నమ్మినవాడి పేరు ఒక్కటి చెప్పవయ్యా."

రైతు కాస్త ఆలోచించాడు. "మా బావమరిది నమ్ముంటాడండి."

"ఇది పడకముందు ఏమనేవాడు?"

"ముందు నుంచీ అదే అంటాడండి ఎదవ."

ఇద్దరూ నవ్వేశారు. మజ్జిగ తాగి ఆ రైతు ఊరికి వెళ్లిపోయాడు. అతను వెళ్లాక రాఘవయ్య గారు నాతో, "పరువు మన ఒంటి మీద ఉండే చొక్కా కాదు ప్రసాదూ. ఎదుటివాడి బుర్రలో ఉంటుంది. అక్కడ ఏం పోయిందో కనుక్కోకుండా దావా రాయకు" అన్నారు.

ఇది మొదటి అలవాటు. రెండోది ఇంకా విసుగు పుట్టించేది. దావా మేం ఇంగ్లీషులో రాసేవాళ్లం. సంతకం పెట్టించే ముందు దాన్ని పేరా పేరా కక్షిదారుకి తెలుగులో చెప్పాలి. ప్రతి పేరాకీ వాళ్లు తలూపాలి. తలూపకపోతే ఆ పేరా కొట్టేసి మళ్లీ టైపు కొట్టించేవారు. కార్బన్ కాగితాలు పెట్టి నాలుగు ప్రతులు తీసే రోజులవి. ఒక్క మాట మారిస్తే పూట గడిచిపోయేది. ఈయనది ఉత్త చాదస్తమని నేను లోపల్లోపల గొణుక్కునేవాణ్ణి.

ధర పైకి చెప్పే మనిషి

తాయారమ్మ గారిది నూజివీడులో మామిడి వ్యాపారం. భర్త పోయాక ఆ పని ఆవిడే అందుకున్నారు. మా వైపు తోటల కాపుని పూత మీదే వ్యాపారులు కొనేస్తారు. రైతూ వ్యాపారీ ఎదురెదురుగా నిలబడి, చేతుల మీద తువ్వాలు కప్పుకుని, దాని కింద ఒకరి వేళ్లు ఒకరు పట్టుకుని ధర కుదుర్చుకునేవారు. పక్కవాడికి తెలియకూడదు. పరాయి మగవాడి చెయ్యి తువ్వాలు కింద పట్టుకుని బేరమాడటం ఆడమనిషికి కుదిరే పని కాదు. అందుకని తాయారమ్మ గారు ధర పైకే చెప్పేవారు. నలుగురూ వినేలా ఒక్కసారి చెప్పేవారు. తరవాత పెంచడం లేదు, తగ్గించడం లేదు. గాలివానకి సగం కాయ రాలిపోయిన ఏడు కూడా ఆవిడ మాట మార్చలేదని చాట్రాయి రైతులు గొప్పగా చెప్పుకునేవారు. తోటి వ్యాపారులకి మాత్రం ఆవిడ కంట్లో నలుసు.

ఆవిడ కాయని వరిగడ్డిలో మాగబెట్టించేవారు. వారం పడుతుంది. అప్పటికే కొందరు కార్బైడు మొదలుపెట్టారు. అది వెల్డింగు షాపుల్లో గ్యాసు కోసం వాడే రాయి. పొట్లాలు కట్టి కాయల మధ్య పెడితే రెండు రోజుల్లో పైన పసుపు తిరుగుతుంది, లోపల పులుపు పోదు. "మాది గడ్డి మాగుడు" అని ఆవిడ గర్వంగా చెప్పుకునేవారు.

ఊళ్లో శేషగిరి అనే ఆయన ఒక వారపత్రిక నడిపేవాడు. రాసేదీ, అక్షరాలు కూర్చేదీ, కట్టలు కట్టి బస్సులకి ఎక్కించేదీ ఆయనే. ఒక వేసవిలో చాట్రాయిలో పెళ్లి భోజనాలు చేసి చాలామంది వాంతులతో మంచాన పడ్డారు. ఆ పెళ్లికి చిన్నరసాలు తాయారమ్మ గారే పంపారు. శేషగిరి బస్టాండులో ఎవరో అనుకుంటుంటే విని రాసేశాడు: గడ్డి మాగుడని గొప్పలు పోయే ఒక మహిళా వ్యాపారి కార్బైడుతో మాగేసిన పళ్లే ఈ అనర్థానికి కారణమని. పేరు రాయలేదు. పేరు రాయకపోతే కేసు రాదని పత్రికలవాళ్లకి అదో ధీమా. నూజివీడు మొత్తానికి మామిడి వ్యాపారం చేసే ఆడమనిషి ఆవిడ ఒక్కరే అయినప్పుడు పేరు వేరే రాయాలా?

ఆవిడ మా ఆఫీసుకి వచ్చి బల్ల మీద ఆ పత్రిక పెట్టారు. రాఘవయ్య గారు అడగకముందే నమ్మినవాళ్ల పేర్లు చెప్పడం మొదలుపెట్టారు. పదకొండు మంది. అందరూ తోటల రైతులే. పద్నాలుగు తోటలు చేసే మనిషికి మూడు మిగిలాయి.

"నిప్పు లేనిదే పొగ రాదంటున్నారండి. నాకు నష్టపరిహారాలవీ వద్దు లాయరు గారూ. మిగతావాళ్లకి తువ్వాలుంది, వేళ్లున్నాయి. నాకున్నది మాటొక్కటే. అది పోయింది. అది తెచ్చిపెట్టండి చాలు" అన్నారు.

ఆవిడ కళ్లల్లో నీళ్లు లేవు.

గడువు

పరువు నష్టం దావాకి గడువు ఏడాదే. ఆ దావా రాసే పని రాఘవయ్య గారు నాకు అప్పగించారు. రేపు మాపు అంటూ నేను గడువు మెడ మీదికి తెచ్చుకున్నాను. చివరి రెండు రోజుల్లో ఆయన హైకోర్టు పని మీద హైదరాబాదు వెళ్లారు. నాకు అప్పుడే రెక్కలొచ్చిన రోజులు. ఇంగ్లీషు పుస్తకాల్లోంచి ఏరుకున్న బరువైన మాటలతో దావా దంచేశాను.

తాయారమ్మ గారు మాకు చెప్పింది ఒక్కటే: ఆ పెళ్లికి పంపిన కాయ గడ్డిలో మాగింది, కార్బైడు పెట్టలేదు. ఆ మాట నాకు చప్పగా అనిపించింది. కేసుకి బలం ఉండాలి కదా! అందుకని ఏడో పేరాలో ఇలా రాశాను: వాది తన జీవితంలో ఎన్నడూ కార్బైడు అనే పదార్థాన్ని కొని గాని, తాకి గాని ఎరుగదు. ఆ వాక్యం ఇంగ్లీషులో ఎంత గంభీరంగా ఉందంటే, టైపు మిషను పక్కన నిలబడి నేనే రెండుసార్లు చదువుకుని మురిసిపోయాను.

సంతకానికి వచ్చినప్పుడు ఆవిడ అడిగారు, "అంతా చదివి చెప్పరా బాబూ?"

"అన్నీ మీరు చెప్పినవేనండి. మిగతాది కోర్టు భాష. టైము లేదు, పెట్టెయ్యండి."

ఆవిడ కళ్లజోడు సవరించుకుని ఒక్కో అక్షరం దిద్దినట్టుగా సంతకం పెట్టారు. పైన రాసినవన్నీ నాకు తెలిసినంతవరకు నిజం అనే మాట కింద.

బోనులో

విచారణ రోజు పొద్దున ఎదుటి పక్షం సాక్షుల జాబితా ఇచ్చింది. అందులో ఒక వెల్డింగు షాపాయన పేరుంది. కోర్టు వరండాలో తాయారమ్మ గారిని పక్కకి పిలిచి, ఈయన మీకు తెలుసా అని అడిగాను.

"తెలుసు బాబూ. ఆ పెళ్లికి ముందటేడు ఆయన దగ్గరే కార్బైడు తెప్పించాను. అందరూ వాడుతున్నారని ఒక్క రాశికి పెట్టించి చూశాను. మూడో రోజు తీస్తే అదేం వాసన! ఆ రాశంతా గొయ్యి తీయించి పూడ్పించాను. మళ్లీ దాని జోలికి పోలేదు."

"మరి నాకు చెప్పలేదేంటండీ?"

"నువ్వడిగింది పెళ్లి కాయ సంగతి కదా."

నిజమే. నేను అడగలేదు. ఆపైన నేనన్న మాట ఈ వృత్తిలో నా నోటి నుంచి వచ్చిన అన్ని మాటల్లోకీ నీచమైనది. ఏడో పేరాలో ఏం రాశానో చెప్పడానికి మొహం చెల్లక, "అడిగితే గుర్తులేదనండి. ఉందనీ అనక్కర్లేదు, లేదనీ అనక్కర్లేదు" అన్నాను.

ఆవిడ నా వైపు వింతగా చూశారు. "గుర్తులేకపోవడమేంటి బాబూ? ఆ వాసన ఇంకా ముక్కులోనే ఉంటేను."

ఇంతలో పిలుపొచ్చింది. రాఘవయ్య గారు ముందు వరసలో కూర్చున్నారు. ఆయనకి ఇదేమీ తెలియదు. కోర్టు హాలు కిటకిటలాడుతోంది. చాట్రాయి నుంచి రైతులు వచ్చారు. శేషగిరి వెనక బెంచీ మీద నోటుబుక్కు తెరిచి కూర్చున్నాడు. ప్రతివాదే తన కేసు తనే రాసుకోవడం ఇప్పుడు నవ్వులాటగా ఉంటుంది గాని, ఆయన పత్రికకి ఇంకో విలేకరి లేడు.

ఎదుటి లాయరు గారు బెజవాడ నుంచి వచ్చిన పెద్దాయన. గొంతెత్తి మాట్లాడే మనిషి కాదు. ఏడో పేరాని తీరిగ్గా తెలుగులో చదివి వినిపించారు. నేను రాసిన ఆ వాక్యాన్ని తాయారమ్మ గారు మొట్టమొదట వినడం అప్పుడే. ఆవిడ తల తిప్పి నన్ను చూశారు. ఒక్క క్షణం చూశారంతే.

"ఇది మీరు చెబితేనే రాశారా అమ్మా?"

"సంతకం నాదేనండి."

"చదివి వినిపించారా లేదా?"

లేదు అంటే నా బతుకు అక్కడితో ఆఖరు. వినిపించారు అంటే అది అబద్ధం.

"వినిపించకుండా సంతకం పెట్టనని అనాల్సింది నేను కదండీ. ఆ తప్పు నాది."

"సరే. మరి ఈ మాట నిజమేనా?"

"కాదండి."

ఆవిడ ఎవరూ అడక్కుండానే మొత్తం చెప్పారు: ఎప్పుడు తెప్పించారో, ఎందుకు పెట్టించారో, ఎక్కడ పూడ్పించారో. సబ్ జడ్జి గారు రాయించడం ఆపేశారు.

"అమ్మా, ఈ మాటతో మీ దావా పోవచ్చు. తెలిసే చెబుతున్నారా?"

"తెలుసండి. దావా పోతే లాయరు గారు ఇంకోటి వేస్తారు. మాట పోతే ఎక్కడ వెయ్యమంటారండీ?"

ఎదుటి లాయరు గారు మెల్లగా ఆఖరి ప్రశ్న వేశారు. "అయితే పెళ్లికి పంపిన పళ్లు కూడా..."

"కాదండి. ఆ కాయ ఏడు రోజులు గడ్డిలో ఉంది. నా చేత్తో తీసి బుట్టలకెత్తాను. వాళ్లకి జబ్బు దేనివల్ల చేసిందో నాకు తెలీదు. నా కాయ వల్ల మాత్రం కాదు."

ఆయన ఇంకేమీ అడగలేదు. తన చోట కూర్చున్నారు. వెల్డింగు షాపాయన్ని పిలవనే లేదు.

నేను ఆవిడని బోనులో చూస్తూ ఉండిపోయాను. పదకొండు తోటలు పోగొట్టుకున్న మనిషి, వాటిని తెచ్చుకోవడానికి వచ్చిన చోట, ఉన్న మూడు తోటల రైతుల ముందే తనకి వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పింది. పైగా ఆ మాట అనడానికి భయపడలేదు. ధర చెప్పినంత మామూలుగా చెప్పింది. దేవుడి ఎదుట నిలబడినా నాకు అంత చిన్నవాణ్ణయినట్టు అనిపించదు.

రెండు చీవాట్లు

ఆఫీసుకి వచ్చాక రాఘవయ్య గారికి అంతా చెప్పేశాను, "గుర్తులేదనండి" అన్న మాటతో సహా. తిడతారనుకున్నాను.

"శేషగిరి ఏం చేశాడు? ఆవిణ్ణి అడక్కుండా ఆవిడ గురించి రాశాడు. నువ్వేం చేశావు ప్రసాదూ?"

అంతే. మళ్లీ జీవితంలో ఆ విషయం ఎత్తలేదు.

రెండో చీవాటు ఎదుటి లాయరు గారి దగ్గర తిన్నాను. ఓ వాయిదాకి బార్ రూములో కలిసినప్పుడు ఆయన నవ్వుతూ ఒక మాట చెప్పారు. కార్బైడు పంపమని తాయారమ్మ గారు స్వయంగా రాసిన చీటీ వెల్డింగు షాపాయన దగ్గర ఉందట. "ఆవిడ 'గుర్తులేదు' అంటుందని ఎదురుచూస్తూ కూర్చున్నానోయ్. అని ఉంటే ఆ చీటీ చూపించేవాణ్ణి. ఆపైన గడ్డి అన్నా, ఏడు రోజులన్నా ఎవరు నమ్ముతారు? ఆవిడ నా చేతిలో కత్తి తీసుకుని పక్కన పెట్టేసింది" అన్నారు. గెలుపు కోసం నేను నేర్పిన మాటే ఆవిణ్ణి నిలువునా ముంచేదని అప్పుడు తెలిసింది. ఇందులో నీతి ఉందో, ఉత్త అదృష్టమే ఉందో మీరే తేల్చుకోండి. ఆవిడకి మాత్రం ఆ చీటీ సంగతి గుర్తే లేదు. నేను తరవాత అడిగాను.

వారపత్రిక మొదటి పేజీ

కింది కోర్టుల్లో సాక్షి తెలుగులో చెబుతాడు, జడ్జి గారు ఇంగ్లీషులో రాయిస్తారు. తాయారమ్మ గారి వాఙ్మూలం రికార్డులో ఒకటిన్నర పేజీ ఎండు ఇంగ్లీషు. ఆవిడ నిజంగా అన్న మాటలు ఒకే ఒక్క చోట ఉన్నాయి. అది శేషగిరి నోటుబుక్కు.

మరుసటి వారం ఆయన ఆ మాటలన్నీ మొదటి పేజీలో వేశాడు. ప్రశ్న, జవాబు, ప్రశ్న, జవాబు. ఒక్క విశేషణం లేదు, ఒక్క వ్యాఖ్య లేదు. ఈసారి పేరు పెట్టాడు. అన్నిటికీ కింద రెండు వాక్యాలు: "పెళ్లి పళ్ల సంగతి రాసేముందు నేను ఈవిణ్ణి అడగలేదు. అడిగి ఉంటే చెప్పేవారు."

ఆ రెండు వాక్యాలూ తన లాయరుకి చూపించి ఉంటే ఆయన వేయనిచ్చేవాడు కాదు. అది తప్పు ఒప్పుకోవడమే. నేను తరవాతి రోజుల్లో పత్రికల చేత చాలా క్షమాపణలు వేయించాను. బాక్సు కట్టి, అక్షరాల సైజు కొలిచి, ఏ పేజీలో పడాలో ఒప్పందం రాయించి మరీ వేయించాను. వాటిలో ఒక్కటీ ఆ రెండు వాక్యాల కాలి గోటికి సరిపోదు. శేషగిరి అంటే నాకు అంతవరకు చులకన. ఆ పత్రిక చదివాక నేను ఆయన ప్రెస్సుకి వెళ్లి, ఏం మాట్లాడాలో తెలియక, సంవత్సరం చందా కట్టి వచ్చాను.

ఆ ఏటి పూతకి చాట్రాయి రైతులు ఒక్కొక్కరే తాయారమ్మ గారి వాకిట్లోకి రావడం మొదలుపెట్టారు. వాళ్లలో ఒకాయన నాకు బస్సులో తగిలితే, కార్బైడు వాడానని ఆవిడే చెప్పుకుంది కదా, మరి తోట ఎలా ఇచ్చావని అడిగాను.

"తన తప్పే దాచుకోని మనిషి నా కాయకి వంక పెట్టి మోసం చేస్తుందాండీ?" అన్నాడాయన.

ఉపసంహరణ

వాదనలు వినిపించే వాయిదా ఇంకా ఉండగానే ఆవిడ మా ఆఫీసుకి వచ్చి దావా వెనక్కి తీసుకుంటానన్నారు. నేను అడ్డం పడ్డాను. జడ్జి గారు ఆవిడ మాట నమ్మారని నాకు అనిపిస్తోంది, పెళ్లి పళ్ల గురించి రాసింది అబద్ధమని తీర్పు వచ్చేలా ఉంది, ఇంత దూరం వచ్చి వదులుకోవడమేంటని బతిమాలాను. రాఘవయ్య గారు కాగితం తీసుకుని పిటిషను ఆయనే రాశారు. నాలుగు వాక్యాలు. తెలుగులో చదివి వినిపించారు. ఆవిడ నాలుగుసార్లు తలూపారు.

ఆ రోజు ఆవిడ మళ్లీ కోర్టు హాల్లో నిలబడ్డారు. జడ్జి గారు పిటిషను చదివి తలెత్తారు.

"ఎవరైనా బలవంతం చేశారా అమ్మా?"

"లేదండి."

"మరి ఎందుకు? తీర్పు వద్దా మీకు?"

"పత్రిక రాసింది ఊరంతా చదివిందండి. నేను చెప్పిందీ చదివింది. ఏది నిజమో వాళ్లే తేల్చుకుని మా వాకిట్లోకొస్తున్నారు. ఇంకా తమరు కూడా చెప్పాల్సిందేమన్నా ఉందాండీ?"

ఒక సబ్ జడ్జి గారిని ఆయన కోర్టులోనే అలా అడిగినవాళ్లని అంతకుముందు చూడలేదు, ఆ తరవాతా చూడలేదు. ఆయన కలం మూత పెట్టారు. ఆవిడ వైపు చూశారు.

"లేదమ్మా" అన్నారు.